నీటి ఊటయొద్దకు

పాఠ్యభాగము: 2 రాజులు 2:19–22. దీనితో కూడ చదువవలసినవి: లేవీయకాండము 14:33–48, సంఖ్యాకాండము 19:15, మత్తయి 4:5–7.



వానలు ప్రారంభమైన తరువాత మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునుండి మాకొక కాగితము వచ్చెను. చుట్టుపట్ల గ్రామములలో విరేచనములతోను వాంతులతోను వచ్చు రోగులు పెరుగుచున్నారు గనుక అందరును నీరు కాచి త్రాగవలెననియు, కుండలకు మూతలు వేయవలెననియు, భోజనమునకు ముందును దొడ్డికి వెళ్లివచ్చిన తరువాతను సబ్బుతో చేతులు కడుగుకొనవలెననియు, రోగము కనబడిన యింటివారు వెంటనే తెలియజేయవలెననియు అందులో వ్రాసియుండెను. దీనిని ఆదివారము ఆరాధనలో చదువుమని ఆశా కార్యకర్త మమ్మును బతిమాలి వెళ్లెను. మేము ప్రకటనల వేళ చదివితిమి. చదువుచుండగానే కొందరు బైబిళ్లు సంచులలో సర్దుకొని చెప్పుల కొరకు చూచుకొనుచుండిరి. తరువాత ఒక పెద్దాయన మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఇది పంచాయతీవారు దండోరా వేయించవలసిన మాట గదా, దేవుని సన్నిధిలో చదువవలసినదా?" అని అడిగెను. ఆయన కోపముతో అడుగలేదు, నిజముగా తెలిసికొనగోరి అడిగెను. ఆ ప్రశ్నను పట్టుకొనియే ఈ మాసపు పాఠమును సిద్ధపరచితిమి.

ఏలీయా ఎత్తబడిన పిమ్మట ఎలీషా యెరికోలో నిలిచియున్నాడు. ఏలీయా దుప్పటి అతని చేతికి వచ్చి ఎన్నో దినములు కాలేదు. అప్పుడు ఆ పట్టణపువారు అతనియొద్దకు ఒక మొర తెచ్చిరి. అది రాజును గూర్చినది కాదు, యుద్ధమును గూర్చినది కాదు, నీళ్లను గూర్చినది. తమ ఊరున్న చోటు చక్కనిదేయని ఒప్పుకొనిరి గాని, నీళ్లు చెడినవనియు వాటివలన భూమి ఫలింపకున్నదనియు దాచక చెప్పిరి. నీటి సంగతి ప్రవక్తతో చెప్పదగినది కాదని వారికి తోచలేదు. నీటి సంగతి నాకెందుకని ప్రవక్తయు అనలేదు. పెద్దాయన ప్రశ్నకు సగము జవాబు ఇక్కడనే యున్నదని మా తలంపు.

ఎలీషా క్రొత్త పాత్రలో ఉప్పు వేయించుకొని ఎక్కడికి వెళ్లెనో చూడుడి. ఇంటింటికి పోయి కుండలలో ఉప్పు చల్లలేదు. నీటి ఊటయొద్దకు పోయెను. మేము ఈ వాక్యభాగమును పలుమారులు బోధించియుంటిమి గాని, ఈ ఒక్క మాటను ఇంతకుముందు ఇంత నిదానముగా చదివినవారము కాము. ఉప్పును గూర్చియే మాటలాడితిమి, అద్భుతమును గూర్చియే మాటలాడితిమి. ఆ ఊట నేటికిని యెరికోలో పారుచున్నది. అరబ్బులు దానిని ఐన్ ఎస్ సుల్తాన్ అని పిలుతురు, యాత్రికులు ఎలీషా ఊట యందురు. (మా యౌవనస్థుల కూటములో ఒక తమ్ముడు ఎలీషా వేసిన ఉప్పు ఇప్పటి ఓ.ఆర్.ఎస్. పొట్లమునకు ముంగుర్తు అని చెప్పెను. అతని ఉత్సాహము మెచ్చదగినదే గాని, ఉప్పు చెడునీటిని శుద్ధిచేయదు. యెరికో నీళ్లు యెహోవా సెలవిచ్చిన మాటచొప్పున బాగుపడినవని వాక్యమే చెప్పుచున్నది. వాక్యములో లేనిదానిని వాక్యములో పెట్టకూడదు.)

మన ఊటలు ఏవి? మా పేట సంగతియే చెప్పెదము. మా గ్రామమునకు ఎత్తైన ట్యాంకు ఉన్నది. దానిలో క్లోరిన్ వేయుదురు. కాని మా పేట పైపునకు చిట్టచివర నున్నది. నీరు రోజుకొక్క గంటయే వచ్చును, అదియు సన్నని ధారగా వచ్చును. గనుక మనవారు కొళాయిని భూమిలోనికి దింపి, చుట్టు గుంట త్రవ్వి, బిందె అందులో దించి పట్టుకొనుచున్నారు. వానకు ఆ గుంట నిండును. ప్రక్కనే మురుగుకాలువ, దానిలోనుండియే పైపు పోవుచున్నది. నీరు వచ్చుచున్నంతసేపు పైపులోని ఒత్తిడి మురుగును బయటనే ఉంచును. నీరు ఆగినప్పుడు పైపు ఖాళీయై, అతుకులలో ఎక్కడ సందున్నను అక్కడనుండి మురుగును లోపలికి పీల్చుకొనును. మరునాడు మొదట వచ్చు నీటిలో అది మన బిందెలలోనికి వచ్చును. చూచుటకు ఆ నీరు తేటగానే ఉండవచ్చును. ట్యాంకు శుభ్రముగా నున్నదని అధికారులు చెప్పిన మాటయు నిజమే, పేటలో పిల్లలకు విరేచనములగుచున్నవని తల్లులు చెప్పిన మాటయు నిజమే. రెండు నిజములకు మధ్య ఆ గుంట యున్నది.

ఇది మన ఊరి సంగతి మాత్రమే కాదు. 2024 అక్టోబరులో విజయనగరము జిల్లా గుర్లలో అతిసారము ప్రబలి పలువురు మంచముపట్టిరి, కొందరు మరణించిరి. అక్కడను అందరి చూపు మొదట త్రాగునీటి మీదికే పోయెను.

ఊటయొద్దకు వెళ్లుట యనునది ఎంత కష్టమో, ఎంత మేలో తెలిపెడు ఒక చరిత్రను ఇక్కడ చెప్పవలెను. దానిలో మావంటి సంఘసేవకుడొకడున్నాడు గనుక మాకది ప్రియమైనది. 1854వ సంవత్సరము ఆగష్టు 31వ తేదీ రాత్రి లండను నగరములో సోహో అను బీదల పేటలో కలరా, అనగా మన పెద్దలు వాంతిభేది యని పిలిచిన రోగము, హఠాత్తుగా విరుచుకొనిపడెను. పది దినములలో దాదాపు 500 మంది చనిపోయిరి. చివరకు 600 దాటెను. ఆ కాలమున వైద్యులలో అనేకులు రోగము దుర్గంధపు గాలివలన వచ్చుననుకొనిరి. జాన్ స్నో అను వైద్యుడు మాత్రము అది నీటివలన వచ్చునని చెప్పుచు, చనిపోయినవారి యిండ్లను లెక్కించి, బ్రాడ్ వీధిలోని చేతిపంపు చుట్టునే అవి గుమిగూడియున్నవని కనిపెట్టెను. సెప్టెంబరు 7న పేట పెద్దల ఎదుట మాటలాడగా, మరునాడు వారు పంపు పిడిని ఊడదీయించిరి.

ఆ పంపు నీరు తేటగాను రుచిగాను ఉండెడిది. ఆ రుచికే అలవాటుపడిన ఒక విధవరాలు దూరమున హాంప్‌స్టెడ్‌లో కాపురముండియు, ఆ నీటినే బండిమీద తెప్పించుకొని త్రాగి చనిపోయెను. ఆమె యుండిన చోట వేరెవ్వరికిని కలరా లేదు. పంపునకు దగ్గరనేయున్న బీదల పనిగృహములో 535 మంది యుండగా అయిదుగురే చనిపోయిరి, ఏలయనగా అక్కడ వారికి వేరు బావి యుండెను. ఆ వీధిలోని బీరు బట్టీలో 70 మందికి పైగా పనివారుండగా ఒక్కడును చనిపోలేదు. వారికి బీరు ఉచితముగా దొరకుటచేత పంపు నీటి జోలికి పోలేదట. ఈ చివరి సంగతిని మద్యపానమునకు సాక్ష్యముగా ఎవరును ఎత్తిచూపవలదని మా మనవి. బీరు తయారుచేయుటలో నీటిని కాచుదురు. మన కుండ నీటిని కాచినను చాలును.

ఆ పేటలోని సెయింట్ లూక్ దేవాలయములో హెన్రీ వైట్‌హెడ్ అను యౌవన సేవకుడుండెను. అప్పటికి అతనికి 30 ఏండ్లు నిండలేదు. రోగుల మంచములయొద్ద కూర్చుండినవాడు, చనిపోయినవారిని ఎరిగినవాడు. వైద్యుని మాట అతడు నమ్మలేదు. అది తప్పని రుజువు చేయుటకే ఇంటింటికి బయలుదేరెను. ఒక్కొక్క యింటికి రెండు మూడు మారులు, కొన్నిటికి అంతకంటె ఎక్కువ మారులు వెళ్లి, బ్రదికినవారును చనిపోయినవారును ఏ నీరు త్రాగిరో అడిగి వ్రాసికొనెను. వ్రాసికొనిన కొలది తన తలంపే తప్పని అతనికి తేటపడెను. తుదకు, పంపు ఎదుటనున్న 40వ నంబరు ఇంటిలో ఒక పసిబిడ్డ ఆగష్టు 28నే విరేచనములతో జబ్బుపడి సెప్టెంబరు 2న చనిపోయినట్లు కనుగొనెను. ఆ తల్లి బిడ్డ గుడ్డలు ఉదికిన నీళ్లను ఇంటి ముందరి మరుగుగుంటలో పోసెడిది. త్రవ్వి చూడగా, గుంట గోడలు శిథిలమై, మూడు అడుగుల కంటె తక్కువ దూరమున నున్న బావిలోనికి ఆ నీరు ఊరుచుండెను. వైద్యుడు పంపును చూపించెను. పంపులోనికి రోగము ఎట్లు వచ్చెనో చూపినవాడు సంఘసేవకుడు. ఆ ఇండ్ల తలుపులు అతనికి తెరవబడియుండుటయే దానికి కారణము. తాను తప్పు తలంచితినని అతడు ఒప్పుకొనుట ఆ పనిలో చిన్న భాగము కాదు.

మన పేటలో తలుపులు ఎట్లున్నవి? కాగితము చదివిన వారములోనే ఆశా కార్యకర్త ఇంటింటికి తిరిగెను. అడిగిన ప్రతి యింటను "మాకేమియు లేదమ్మా" అని చెప్పిరి. ఆ సాయంకాలమే మేము ప్రార్థనకు వెళ్లిన రెండిండ్లలో విరేచనములతో పిల్లలు పడుకొనియుండిరి. ఎందుకు చెప్పలేదని అడుగగా ఒక తల్లి, "చెప్పితే పేటంతా మురికిదని ఊరిలో అందురు, పనికి పిలువరు అయ్యగారూ" అనెను. మరియొక యింట పెండ్లి దగ్గరపడియున్నది. వారి భయము ఉత్తది కాదు. మురికి నీరు వచ్చునట్లు పైపు వేసినవారిని అడుగువారు లేరు గాని, ఆ నీరు త్రాగినవారిని మురికివారనుట మన దేశములో పాత అలవాటు.

ఇక్కడ లేవీయకాండము 14వ అధ్యాయమును తెరువుడి. మోషే ధర్మశాస్త్రము వైద్య గ్రంథము కాదు. దాని శుద్ధి పరిశుద్ధుడైన దేవుని సన్నిధికి సంబంధించినది, సూక్ష్మక్రిములను గూర్చి అది చెప్పుటలేదు. అయినను, రోగమును గూర్చి ప్రజలతో ఎట్లు వ్యవహరింపవలెనో నేర్చుకొనుటకు అక్కడ చాల యున్నది. ఇంటి గోడలో పొడ కనబడినయెడల ఇంటి యజమానుడే వచ్చి యాజకునికి తెలియజేయవలెను. అంతవరకు మనకు తెలిసినదే. తరువాతి వచనమును మాత్రము మనము తొందరగా దాటిపోవుదుము. యాజకుడు చూచుటకు రాకముందే ఇంటిలోని సామానంతయు బయట పెట్టింపవలెనని అతనికి ఆజ్ఞ యున్నది, ఏలయనగా ఇల్లు అపవిత్రమని తేలినయెడల లోపలనున్నదంతయు అపవిత్రమగును. చెప్పుకొనిన బీదవాని మంచము, కుండ, గుడ్డ నష్టపడకుండ దేవుడు ముందుగానే చూచుచున్నాడు! నిజము చెప్పుమని ఆజ్ఞాపించినవాడే నిజము చెప్పినవానికి నష్టము తగ్గించెను. తరువాత ఏడు దినములు ఆగి మరల చూచుట, చెడిన రాళ్లు తీసివేయుట, గోడ గీయించుట, క్రొత్త అడుసు పూయుట. నయమైతే శుద్ధియని చెప్పుటయు యాజకుని పనియే.

గనుక మేము సంఘములో ఒక మాట చెప్పితిమి. ఏ యింటివారు రోగమును తెలియజేసితిరో ఆ యింటికి ఆ వారము బియ్యమును కాచిన నీటిని సంఘము పంపును. ఆ యింటిని గూర్చి కొళాయియొద్ద పలుచగా మాటలాడినవారు ఎవరైనను మాయొద్దకు వచ్చి కూర్చుండవలెను. తరువాతి మూడు దినములలో తొమ్మిది యిండ్లవారు ఆశా కార్యకర్తకు తెలిపిరి.

ఇక విశ్వాసము మాట. మా సంఘములో ప్రార్థనాపరురాలైన ఒక తల్లి, "తొంబదియొకటవ కీర్తన నమ్మినవారికి కాచిన నీరెందుకు?" అని అడిగెను. అమ్మా, ఆ కీర్తనను సువార్తలో ఎత్తి చెప్పినవాడెవడు? దేవాలయ శిఖరము మీద అపవాది చెప్పెను. దూతలు పట్టుకొందురు గనుక దుముకుమనెను. ప్రభువు ఆ కీర్తన అబద్ధమనలేదు. అయినను దుముకలేదు. మెట్లున్నచోట మెట్లు దిగుట అవిశ్వాసము కాదు. పొయ్యియు కట్టెలును ఉన్నచోట నీరు కాచుట అవిశ్వాసమెట్లగును?

ఈ మాటను మేము సుళువుగా నేర్చుకొనలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట వేరొక గ్రామములో సేవచేయుచుండగా, ఒక రాత్రి ఒక సహోదరికి బియ్యపు కడుగువలె విరేచనములగుచున్నవని మమ్మును పిలిచిరి. వెళ్లితిమి. మోకాళ్లూని ప్రార్థించితిమి. తెల్లవారువరకు ప్రార్థించితిమి. ఆ యింటివారు మా ముఖము చూచుచుండిరి. మేము ఒక్క మాట అనియున్నయెడల 108కి ఫోను చేసియుందురు. అయ్యగారు చెప్పలేదు గదా, వాహనము పిలిచితే అవిశ్వాసమనుకొందురేమో అని ఊరకుండిరి. మేము అవిశ్వాసమనుకొనియుండము, ఆ తలంపే మాకు రాలేదు. తెల్లవారి ఆటోలో తీసికొనిపోవుచుండగా దారిలో ఆమె ప్రాణము విడిచెను. ఆమె కుమారుడు నేటికిని మమ్మును ఎక్కడ చూచినను నమస్కరించి ప్రేమతో పలుకరించును. ప్రార్థించినందుకు మేము పశ్చాత్తాపపడుట లేదు. ఒక చేత్తో ఫోను పట్టుకొని ప్రార్థింపనందుకు పశ్చాత్తాపపడుచున్నాము.

ఆ రోగములో మనిషిని చంపునది ఒంటిలోని నీరును ఉప్పును పోవుటయే. 1971లో తూర్పు బెంగాలునుండి వచ్చిన శరణార్థుల మధ్య బనగావ్ అను చోట కలరా ప్రబలినప్పుడు, నరములలో ఎక్కించు సెలైను చాలకపోగా, డాక్టరు దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, సోడా ఉప్పు, గ్లూకోజు నీటిలో కలిపించి, రోగుల బంధువులచేతనే త్రాగించిరి. నూటికి 30 వరకు పోవుచుండిన ప్రాణములు నూటికి 4 లోపునకు తగ్గెను. తల్లి చేతిలో గ్లాసు చాలునని అక్కడ తేలెను. నేడు ఆ పొట్లమును ఆశా కార్యకర్త ఊరకనే యిచ్చును. పెద్ద పొట్లమును సరిగా ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలుపవలెను. సగము పొట్లము సగము లీటరులో అని పంచరాదు, రుచికి పంచదార చేర్చరాదు, మరునాటికి ఉంచరాదు. పొట్లము లేనప్పుడు లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టిన టీ చెంచాతో. వాంతియైనను పది నిమిషములు ఆగి చెంచాతో కొంచెము కొంచెముగా పట్టవలెను. పాలు త్రాగు బిడ్డకు పాలు మాన్పరాదు. విరేచనములలో నీరిచ్చితే ఎక్కువగునని మన అమ్మమ్మలు చెప్పిన మాట తప్పు, దానివలన ఎందరు బిడ్డలు పోయిరో. పిల్లలకిచ్చు జింకు బిళ్ళలను విరేచనములు కట్టినను 14 దినములు పూర్తిగా వేయవలెను. కండ్లు లోతునకు పోయినను, మూత్రము రాకున్నను, మగతగా పడియున్నను, మలములో రక్తము కనబడినను, త్రాగలేకున్నను ఇంటిలో ఉంచరాదు, 108ని పిలువవలెను.

నీటిని బాగుగా మరిగించి, అదే పాత్రలో మూతపెట్టి చల్లార్చవలెను. కట్టెలు లేనివారికి క్లోరిన్ బిళ్ళలిచ్చుచున్నారు. పొట్లముమీద వ్రాసినంత నీటికి ఒక బిళ్ళ వేసి అరగంట ఆగి త్రాగవలెను. మూత వేయని పాత్రను గూర్చి సంఖ్యాకాండము 19:15 ఏమనుచున్నదో ఇంటిలో పిల్లలచేత చదివించుడి. అక్కడి సందర్భము శవమున్న గుడారమే అయినను, మూతను గూర్చి దేవుని గ్రంథములో ఒక వచనమున్నదని తెలిసిన తరువాత మా పేటలో మూతలు పెరిగెను. మూత ఉన్నను, కుండలో చేయి ముంచి నీరు తీసినయెడల కాచిన ఫలము పోవును. పొడుగు కాడ గరిటె నొకటి కొనుడి.

సంఘ వార్షికోత్సవపు సంగతి చెప్పి విరమించెదము. ఏటేట ఆ దినమున 400 మందికి ప్రేమవిందు చేయుచున్నాము. నీటి పరీక్ష అగువరకు విందు పెట్టవలదని నర్సమ్మ వచ్చి అడిగెను. పెద్దల కూటములో వాదము జరిగెను, కొందరు బాధపడిరి. తుదకు ఆరాధన మాత్రము జరిపించి, విందునకు కూర్చిన బియ్యమును పప్పును ఇంటింటికి పంచుటకు తీర్మానించిరి. పరీక్షకు గ్రామములో ఐదుగురు స్త్రీలకు తర్ఫీదు ఇచ్చియున్నారు. వారిలో ఇద్దరు మన సంఘపువారే. వారు చిన్న సీసాలు మూడు తెచ్చి, ఒకదానిలో ట్యాంకు నీరు, ఒకదానిలో గుంట కొళాయి నీరు, మూడవదానిలో ఏదైన ఒక యింటి కుండ నీరు పోయవలెననిరి. ఎవరి యిల్లు చెప్పినను నొచ్చుకొందురని మా యింటి కుండనుండి ఇచ్చితిమి. సీసాలను దేవాలయపు కిటికీ గట్టుమీద ఉంచిరి. క్రిములున్నయెడల నీరు నల్లబడును. మరునాటికి ట్యాంకు సీసా ఉన్నట్లే యుండెను. గుంట కొళాయి సీసా నల్లబడెను. మా యింటి సీసాయు నల్లబడెను. పొయ్యిమీద కాచి, కడుగని కుండలో పోసికొనుచుంటిమని మా భార్య అప్పుడు గ్రహించెను.

పేటవారందరు చూచునట్లు ఆ మూడు సీసాలను వారమంతయు అక్కడనే ఉంచితిమి. తరువాత గుంటలు పూడ్చి కొళాయిలను పైకెత్తవలెననియు, మురుగుకాలువలోని పైపును తీసి వేరు దారిని వేయవలెననియు పంచాయతీకి అర్జీ వ్రాసితిమి. మొదటి చేవ్రాలు, కాగితమును గూర్చి మమ్మునడిగిన పెద్దాయనదే. గుంటలను మనవారే పూడ్చిరి. పైపు ఇంకను మార్చబడలేదు. అంతవరకు ఉదయము ఆరు గంటలకు ట్యాంకు క్రింది కొళాయియొద్దకే బిందెలతో వెళ్లుచున్నాము. దూరము కొంచెము ఎక్కువయే. వృద్ధుల యిండ్లకు యౌవనస్థులు వంతులవారీగా మోయుచున్నారు, ఈ వారపు వంతులో ఇద్దరు తక్కువయున్నారు గనుక పేర్లు ఇయ్యగోరువారు మాతో చెప్పవలెను.